రెండోసారి అడగడం

మా అమ్మాయి మొదటి పురుడు వాళ్ల అత్తగారింట్లో జరిగింది. ఈ మాట ఎవరితో అన్నా "అదేంటండీ, మీరుండేది ఏలూరే కదా, గూడెం నుంచి రైలెక్కితే గంట ప్రయాణమేగా, తొలి కాన్పుకి పిల్లని తెచ్చుకోలేదా?" అని బుగ్గ నొక్కుకుంటారు. నేను నవ్వేసి ఊరుకుంటాను. నవ్వు పైపైనే.

తెచ్చుకుందామనే అనుకున్నాను. తాడేపల్లిగూడెంలో ఏడో నెల శ్రీమంతం అయిన మర్నాటి నుంచీ వెనక గది సర్దడం మొదలుపెట్టాను. రంగు వేయించాను, కిటికీకి దోమతెర బిగించాను. మెత్తబడిన నూలు చీరలు నాలుగు ఏరి, ఉతికి, చింపి, పొత్తిగుడ్డలుగా మడతలు పెట్టాను. బాలింతకు పెట్టే కాయానికి కావలసిన దినుసులు బజారు నుంచి తెచ్చి ఎండబెట్టాను. అది మంచిరోజు చూసుకుని రావడమే తరువాయి అనుకుంటుండగా ఫోను చేసింది.

"అమ్మా, నేనిక్కడే ఉండిపోతే ఏమంటావు? చూపించుకునే డాక్టరమ్మ ఇక్కడే ఉంది. అత్తయ్యగారు కూడా నేను చూసుకుంటానంటున్నారు. నువ్వేమంటావో చెప్పు."

"నాదేముందమ్మా, నీ ఇష్టం" అన్నాను.

అని, ఫోను చెవికి నొక్కుకుని కూర్చున్నాను. ఇప్పుడు మళ్లీ అడుగుతుంది, "అలా కాదమ్మా, నీకు నేను రావాలని ఉందా లేదా?" అని. అప్పుడు చెబుదామని మాట నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "సరే అయితే" అంది. ఫోను పెట్టేసింది.

ఆ పూట వంట చేయలేదు. సాయంత్రం మా ఆయన వెనక గదిలోకి వెళ్లి "ఈ దోమతెర ఎందుకు పీకేశావ్?" అని అడిగితే, దుమ్ము పట్టిందన్నాను.

ఆ రోజు నుంచి నాకు మా వియ్యపురాలి మీద కడుపుమంట మొదలైంది. ఆవిడ చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని. మంచిది. గొంతు పెంచి మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. రోజూ వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టేది. మా అమ్మాయి తల దువ్వించుకుంటూ, మా అమ్మాయి సున్నుండ తింటూ, మా అమ్మాయి చేప ముక్క ముళ్లు తీయించుకుంటూ. కింద "మీ అమ్మాయి ఇవాళ బాగా తిందండీ వదినగారూ" అని రాసేది. నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి, ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూసేదాన్ని. పళ్లెంలో ఏముంది, ఎన్ని ముక్కలున్నాయి, పక్క పళ్లెంలో ఎన్ని ఉన్నాయి. నలభై తొమ్మిదేళ్ల దాన్ని, పాతికేళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నదాన్ని, ఫొటోలో ముక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఎదుటివాళ్ల పళ్లెంలోకి చూడటం నాకు ఎనిమిదో ఏట అలవాటైంది.

మాది కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డునున్న చిన్న ఊరు. మా నాన్న ఎవరిదో చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. నీళ్లు తోడే మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ఏడాది తిరక్కుండానే మా అమ్మ కువైట్‌లో ఇంటి పనికి కుదిరింది. నన్ను భీమడోలులో ఉన్న మా మామయ్య ఇంట్లో దింపడానికి బస్సులో తీసుకెళ్తూ దారంతా ఒకటే పాఠం చెప్పింది.

"ఎవరేం పెట్టినా ముందు వద్దనాలి. ఆబగా చెయ్యి చాపితే పెంపకం లేదంటారు. వద్దనూ. వాళ్లు రెండోసారి అడుగుతారు, అప్పుడు కొంచెం పెట్టించుకో. సరేనా?"

సరేనన్నాను. మా వైపు ఎవరింటికెళ్లినా అంతే కదా. వచ్చినవాళ్లు చాలండీ చాలండీ అని చెయ్యి అడ్డం పెడుతూనే ఉంటారు, పెట్టేవాళ్లు ఆ చేతి పక్కనుంచే వేసేస్తారు. వద్దన్నవాళ్లకి వద్దని కాదు, పెట్టేవాళ్లు ఆగకూడదు. ఇందులో తెలియనిదేముంది?

మొదటి రోజు మా అత్తయ్య కొరమీను పులుసు చేసింది. నాకో ముక్క వేసింది, తన కూతురికో ముక్క వేసింది. వాళ్లమ్మాయి నాకంటే రెండు నెలలు చిన్నది, వరసకి మరదలు. రెండోమారు గిన్నె పట్టుకొచ్చి "ఇంకోటి వెయ్యనా?" అంది నాతో.

"వద్దత్తయ్యా."

గరిటె అటు తిరిగిపోయింది. మా మరదలు అప్పటికే పళ్లెం ఎత్తి పట్టుకుంది. నేను చూస్తూ ఉన్నాను. గరిటె మళ్లీ ఇటు వస్తుందని పులుసు అన్నం మెల్లగా, చాలా మెల్లగా తిన్నాను. అత్తయ్య గిన్నె మీద మూత పెట్టేసింది.

ఆ ఇంట్లో నన్నెవరూ కొట్టలేదు, ఆకలితో పడుకోబెట్టలేదు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నాకు పాపం తగులుతుంది. మామయ్య పొద్దున్నే రైసు మిల్లుకి వెళ్లి దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. అత్తయ్య పుట్టిల్లు అత్తిలి. అక్కడ వాళ్లు ఎనిమిది మంది పిల్లలంట. ఎవరు పళ్లెం చాపితే వాళ్లకి పడుతుంది, చాపనివాడికి అక్కర్లేదని లెక్క. ఈ సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. ఎనిమిదేళ్ల పిల్లకి అదంతా ఎలా తెలుస్తుంది? రెండోసారి నన్ను అడగట్లేదంటే నేను అడగదగిన పిల్లని కాదనుకున్నాను.

ఏడాది గడిచాక కువైట్ నుంచి వస్తున్న ఎవరో ఒకావిడ చేత మా అమ్మ ఒక పెట్టె పంపింది. అందులో సబ్బులు, ఒక దుప్పటి, ఒక గౌను. లేత ఆకుపచ్చది, మెడ చుట్టూ తెల్లటి లేసు, వెనక కట్టుకోవడానికి వెడల్పాటి నాడాలు. పెట్టె తెరవగానే ఇల్లంతా ఒక వాసన వేసింది. అది మా అమ్మ వాసన కాదు, అయినా మా అమ్మ ఉన్న చోటి వాసన.

అత్తయ్య గౌను దులిపి ఎత్తి పట్టుకుంది. "ఏమ్మా, నువ్వేసుకుంటావా?" అంది. అప్పటికే మా మరదలు రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది.

నాకు పంపింది మా అమ్మ. అయినా నేను "వద్దత్తయ్యా, మరదలికివ్వండి" అన్నాను. ఇంత పెద్ద విషయానికి రెండోసారి అడక్కుండా ఉంటారా అనే ధైర్యం. అత్తయ్య మురిసిపోయింది. "చూశావా వదిన మనసు!" అని తన కూతురితో అంటూ తల మీంచి తొడిగేసింది.

ఆ గౌను మా మరదలు రెండేళ్లు వేసుకుంది. బడికి వెళ్లేటప్పుడు రైలు గేటు దాకా నేను వెనక నడిచేదాన్ని, ముందు ఆ తెల్లటి ముడి ఊగుతూ వెళ్లేది. నాడాలు తన చేతికి అందేవి కావు కాబట్టి రోజూ నేనే కట్టేదాన్ని. ఒకరోజు పీటముడి వేశాను. లాగి లాగి వేశాను. సాయంత్రం ఎవరి చేతికీ రాక, అత్తయ్య కత్తెరతో నాడా కోయాల్సి వచ్చింది. మా మరదలు ఏడ్చింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆ ఏడుపు చివరిదాకా విన్నాను. నాకు చల్లగా ఉంది.

మా అమ్మ ఆరేళ్ల తర్వాత వచ్చేసింది, మోకాళ్లు అరిగిపోయి. కైకలూరులో ఒక గది తీసుకుని, నన్ను తెచ్చుకుంది. మొదటిరోజు తనే వండి తనే వడ్డించింది. "ఇంకొంచెం పెట్టనా?" అంది. నేను వద్దన్నాను. గిన్నె వైపే చూస్తూ ఉన్నాను. మా అమ్మ ఒక్క క్షణం నా ముఖం చూసి, గిన్నె పక్కన పెట్టేసి తన అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది. తను చెప్పిన పాఠం తనే మరిచిపోయింది. ఆరేళ్లు ఎవరింట్లోనో మిగిలింది తిన్న మనిషికి ఆ మర్యాదలు ఎక్కడ గుర్తుంటాయి అని ఇప్పుడు అనుకుంటాను. ఆ రోజు మాత్రం అన్నం దిగలేదు.

అలా తయారైన పిల్ల పెద్దయితే ఎలా ఉంటుందో మా ఆయన్ని అడగాలి. బట్టల షాపులో ఆయన "నువ్వు కూడా ఒకటి తీసుకో" అంటారు. "నాకెందుకండీ, బోలెడున్నాయి" అంటాను. ఆయన పాపం నిజమనుకుని మెట్లు దిగిపోతారు. ఇంటికొచ్చాక రెండు రోజులు గిన్నెలు మోగుతాయి. "ఏమైంది?" అంటారు. "ఏమీ కాలేదు" అంటాను. ఇరవై ఏడేళ్లుగా ఆయనకి ఏమైందో తెలియదు. స్కూల్లో ఒకసారి ఇన్‌ఛార్జి హెడ్‌మిస్ట్రెస్‌గా ఉంటారా అని అడిగారు. "నాకెందుకులెండి" అన్నాను. నా తర్వాత చేరిన టీచరుకి ఇచ్చారు. ఏడాదిపాటు ఆవిడ కుర్చీ వైపు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆవిడ ఏం చేసింది పాపం, అడిగినప్పుడు అవునంది.

ఇక మా అమ్మాయి సంగతి. దీన్ని రాయడానికే సిగ్గుగా ఉంది. దానికి మూడేళ్లప్పుడు ఒక పెళ్లిలో భోజనాల దగ్గర, వడ్డించేవాడు లడ్డూ వేసి ముందుకు వెళ్లబోతుంటే "ఇంకోటి!" అని అరిచి చెయ్యి చాపింది. బంతిలో అందరూ నవ్వారు. అతను ముద్దొచ్చి రెండు వేశాడు. నేను ఆకు కిందినుంచి దాని తొడ మీద గట్టిగా గిల్లాను. పెంపకం కోసం గిల్లానని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నా కడుపున పుట్టిన పిల్ల మీద నాకు కుళ్లు పుట్టింది. చెయ్యి చాపితే పడుతుందని దానికెవరు చెప్పారు? ఎంత ధీమా! ఇంటికొచ్చాక ఆ ఎర్రటి మచ్చ చూసి ఏడ్చాను. మర్నాడు లడ్డూలు చేసి పళ్లెం నిండా పెట్టాను. అది సగం తిని, చాలని లేచిపోయింది. చాలంటే దానికి నిజంగా చాలు. అదీ నాకు కుళ్లే.

దాన్ని నేనే అలా పెంచాను. అది అడిగేదాకా నేనెప్పుడూ ఆగలేదు. పెన్సిలు కావాలంటే డబ్బా కొన్నాను. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఎదుటివాళ్లు చెప్పింది విను, అంతే, అని నూరిపోశాను. నాలా కాకూడదు కదా. వియ్యాలవారితో మాటలప్పుడు కూడా "అబ్బాయి నాకు నచ్చాడమ్మా, ఒప్పుకోండి" అని మా ఇద్దరి ముందూ చెప్పింది. ఆ ధైర్యానికి మురిసిపోయాను, మళ్లీ అదే క్షణంలో నాలో ఆ ఎనిమిదేళ్ల పిల్ల ముఖం తిప్పుకుంది.

శ్రీమంతానికి మా అత్తయ్య కూడా వచ్చింది. ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. మా వియ్యపురాలి చెయ్యి పట్టుకుని "మా మేనకోడలు బంగారమండీ. చిన్నప్పుడు మా ఇంట్లోనే పెరిగింది. నాకిది కావాలని ఒక్కనాడు అడిగి ఎరగదు. దానికి ఏ కోరికలూ ఉండేవి కావు" అని చెప్పింది. నిజంగా నమ్మే చెప్పింది. నేను ఆవిడ ఆకులో ఇంకో బూరె వేశాను. వద్దంటే ఇంకోటి వేశాను.

నొప్పులొచ్చాయని ఫోను రాగానే ప్యాసింజరు రైలెక్కాను. భీమడోలు స్టేషన్లో బండి ఆగినప్పుడు ఎప్పటిలాగే అటువైపు చూడలేదు. నేను వెళ్లేసరికి ఆడపిల్ల పుట్టేసింది. మా వియ్యపురాలి చేతుల్లో ఉంది, ఆవిడ పాత చీర గుడ్డలో. నేను తెచ్చిన పొత్తిగుడ్డలు సంచిలోనే ఉన్నాయి. "ఇదిగోండి అమ్మమ్మగారొచ్చారు" అని ఆవిడ పిల్లని నా చేతికిచ్చింది. నేను ఎత్తుకున్నాను. పిల్ల ఏడిచింది. ఆవిడ చేతుల్లోకి మళ్లీ వెళ్లగానే ఊరుకుంది. పుట్టి రెండు గంటలు కాలేదు, అప్పుడే దానికి కూడా నేను రెండో మనిషినైపోయాను అనుకున్నాను. పసిగుడ్డు మీద కూడా పడ్డాను చూడండి.

రెండు రోజులుండి స్కూలుకని వచ్చేశాను. పురుడు శుద్ధయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే కాయం డబ్బా పట్టుకుని మళ్లీ వెళ్లాను. పిల్లకి నీళ్లు పోసే వేళ అది. పెరట్లో పీట వేసి ఉంది, కాగులో నీళ్లు కాగుతున్నాయి, నలుగుపిండి గిన్నెలో కలిపి ఉంది. మనవరాలికి అమ్మమ్మ నీళ్లు పోయడం మా ఇళ్లలో అలవాటు. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద పిల్లని పడుకోబెట్టి నలుగు పెట్టాలి. రైల్లో వస్తున్నంతసేపూ నా కాళ్ల మీద ఆ బరువు ఎలా ఉంటుందో అనుకుంటూ వచ్చాను.

"మీరు పోస్తారా వదినగారూ?" అంది మా వియ్యపురాలు.

"వద్దండీ. మీ చెయ్యి అలవాటైంది కదా దానికి. మీరే పొయ్యండి."

"అయ్యో, అదేంటండీ! అమ్మమ్మ ఉండగా నేనేంటి? రండి, కూర్చోండి" అని చెయ్యి పట్టుకుని పీట దగ్గరికి లాగింది.

రెండోసారి అడిగింది. నలభై ఏళ్లుగా నేను గిన్నెలు మోగిస్తూ ఎదురుచూసింది ఇదే. నా కాళ్లు ఒక అడుగు ముందుకు వేశాయి కూడా. నోరు మాత్రం "వద్దండీ, నాకు నడుము నొప్పి" అంది.

నాకు నడుము నొప్పి లేదు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆవిడ నొచ్చుకున్నట్టు చూసి, చీర మోకాళ్ల పైకి దోపుకుని పీట మీద కూర్చుంది. నేను గట్టు మీద కూర్చుని చెంబు అందించాను. పిల్ల ఒంటి మీద నీళ్లు పడ్డప్పుడల్లా కాళ్లు తన్నుకుంటోంది, ఆవిడ ఏదో పాడుతోంది. పిల్ల కింద చాపిన ఆ కాళ్లు నావి కానందుకు నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మొదటిసారి తెలియలేదు. వేరే ఎవరూ దొరకలేదు.

సాంబ్రాణి పట్టి, పిల్లని గదిలోకి తెచ్చి మా అమ్మాయి పక్కన పడుకోబెట్టి ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. మేమిద్దరమే మిగిలాం. మా అమ్మాయి పిల్ల వైపే చూస్తూ అడిగింది.

"అమ్మా, నీకు దీన్ని ముట్టుకోవడం ఇష్టం లేదా?"

"అదేం మాటే!"

"రెండుసార్లు పిలిచారుగా అత్తయ్యగారు. కిటికీలోంచి చూశాను. నీకు నడుము నొప్పెప్పుడొచ్చింది?"

నేను కాయం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టాను.

"ఆ రోజు ఫోను చేసింది ఎందుకనుకున్నావు?" అంది. "ఇక్కడ డాక్టరుంది, ఆవిడుంది అంటే, నువ్వు, పిచ్చిదానా, బట్టలు సర్దుకో, వస్తున్నానంటావనుకున్నాను. 'నీ ఇష్టం' అన్నావు. ఇంకేమైనా అంటావేమోనని చాలాసేపు ఊరుకున్నాను. నువ్వేం మాట్లాడలేదు. స్కూలూ ఇల్లూ చేసుకోలేక నేనొస్తే బరువనుకుంటున్నావేమోలే అని, పెట్టేసి ఏడ్చాను."

అవతల ఏమీ వినపడని ఆ కాసేపూ గుర్తొచ్చింది. ఫోనుకి ఆ పక్క అదీ, ఈ పక్క నేనూ, ఇద్దరం రెండో మాట కోసం చూస్తూ కూర్చున్నాం. అది గర్భిణి, పిల్ల. అడగాల్సింది నేను. మూత పెట్టేసింది నేను. నలభై ఏళ్లు మా అత్తయ్య గరిటె మీద ఏడ్చిన మనిషిని, ఆ గరిటె నా చేతికొచ్చినప్పుడు సరిగ్గా అదే చేశాను.

"గది సర్దే ఉందే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "రంగు కూడా వేయించాను. మనింటికి రా. మూడో నెల వచ్చేదాకా ఉందువుగాని."

మా అమ్మాయి దుప్పటి అంచు పిల్ల కాళ్ల కిందకి దోపింది. అది అప్పటికే దోపి ఉంది.

"వద్దులే అమ్మా" అంది. "నీకెందుకు శ్రమ."

ఆ మాట నాది. ఆ గొంతు కూడా నాదే. మనసులో ఉన్నది చెప్పమని నూరిపోసి పెంచిన పిల్లకి, నేను నేర్పకుండానే అది వచ్చేసింది.

వంటింట్లోంచి "వదినగారూ, వడ్డించేశానండీ, రండి" అని పిలుపు వినిపించింది. 'సరేలే, నీ ఇష్టం' అనే మాట నా నాలిక చివరి దాకా వచ్చింది. లేవబోయినదాన్ని మళ్లీ మంచం మీద కూర్చున్నాను. దాని చెయ్యి పట్టుకుని రెండోసారి అడిగాను.